రక్తం కనపడలేదంటే రక్తం పోలేదని కాదు



పోస్టు పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఏజెన్సీ ఆసుపత్రుల్లో డ్యూటీ చేస్తున్న అక్కలూ అన్నలూ చదవండి. ఇందులో కొన్ని మాటలు మనకే తగులుతాయి. తగలాలనే రాస్తున్నాం.

మేం పాడేరు, చింతపల్లి, అరకు వైపు ఊళ్ళ నుంచి వచ్చి నర్సింగ్ చదువుతున్న పిల్లలం. మా ఇళ్ళల్లో కాఫీ తోట ఉంటది. తోటలో నీడకి సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లకి మిరియాల తీగ. కోతలప్పుడు నిచ్చెన వేసుకుని పైదాకా ఎక్కి కోయాలి. నడుముకి తాడుండదు, తలకి ఏమీ ఉండదు. జారితే కింద రాళ్ళే.

మాలో ఒకరి మావ అలాగే పడ్డాడు. పొద్దున తొమ్మిది అయ్యుంటది. ఎడమ పక్క రాయికి కొట్టుకుంది. చర్మం కాస్త గీరుకుంది తప్ప రక్తం చుక్క లేదు. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చి, అక్కడ ఆటో ఎక్కించి, పీహెచ్‌సీకి చేర్చేసరికి పదకొండున్నర. బీపీ చూశారు. 110/84. నార్మల్ అన్నారు. నొప్పికి డైక్లో ఇంజెక్షన్ ఇచ్చి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మావ నీళ్ళు అడిగాడు. మళ్ళీ అడిగాడు. కూర్చోలేడు, పడుకోలేడు, ఒళ్ళంతా చెమట. "పొద్దున్నే జీలుగు కల్లు పట్టించి ఉంటాడు, అందుకే ఆ పొర్లాట" అన్నారు ఒకాయన. భుజం నొప్పి అన్నాడు. భుజానికి దెబ్బ లేదు గదా అన్నారు. రెండు గంటలకి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అప్పుడు పరుగులు, అప్పుడు సెలైన్, అప్పుడు 108. ఘాట్ రోడ్డు దిగకముందే ప్రాణం పోయింది. పోస్టుమార్టంలో తేలింది, ప్లీహం చిట్లింది, కడుపు నిండా రక్తం.

ఆ రెఫరల్ చీటీ మా దగ్గర ఉంది. దాని మీద పేరు, వయసు, "చెట్టు మీంచి పడెను", "బీపీ నార్మల్", "పై ఆసుపత్రికి పంపడమైనది" అని ఉంది. పల్స్ ఎంతో లేదు. శ్వాస ఎంతో లేదు. ఆ బీపీ ఏ టైముకి చూశారో లేదు. రెండోసారి చూసినట్టు అసలే లేదు. పదకొండున్నర నుంచి రెండింటి దాకా, రెండున్నర గంటలు, ఒక మనిషి ఆసుపత్రిలోనే ఉండి లోపల్లోపల రక్తం కారి పోతుంటే ఒక్క అంకె కూడా కాగితం మీదకి రాలేదు.

ఆ పీహెచ్‌సీ పేరు రాయం. రాస్తే అందరూ ఆ ఒక్క సిస్టరమ్మ మీద పడతారు, మిగతా చోట్ల అంతా బాగున్నట్టు అయిపోతుంది. ఆమె ఒక్కతే ఆ రోజు ఓపీ చూసింది, టీకాలు వేసింది, ఒక కాన్పు చూసింది. మా కోపం ఆమె మీద కాదు. "బీపీ నార్మల్" అనే రెండు ముక్కలతో మన మనిషి కథ ముగించే అలవాటు మీద. అది మాకు క్లాసులో కూడా సోకుతోంది కాబట్టే రాస్తున్నాం.

అసలు సంగతి ఏంటంటే, లోపల రక్తం పోతున్నప్పుడు చివరగా పడేది బీపీ. ఇది మా సొంత కనిపెట్టుడు కాదు, షాక్ చాప్టర్లో ఉన్నదే. రక్తం తగ్గగానే ఒళ్ళు ఊరికే కూర్చోదు. గుండె వేగం పెంచుతుంది. చర్మానికి, పేగులకి వెళ్ళే నాళాల్ని బిగించేసి ఆ రక్తాన్ని గుండెకీ మెదడుకీ మళ్ళిస్తుంది. అందుకే ముందు పల్స్ వంద దాటుతుంది. చేతులు కాళ్ళు చల్లబడతాయి, చెమట పడుతుంది. శ్వాస నిమిషానికి ఇరవై దాటుతుంది. మనిషి కుదురుగా ఉండడు, దాహం అంటాడు. ఇంత జరుగుతున్నా పై బీపీ 110 దగ్గరే ఉంటుంది. మొత్తం రక్తంలో 30 శాతం దాకా పోయినా పై అంకె నిలబడగలదు. అది దాటాక పడుతుంది. అప్పుడు పడితే లోయలోకి జీపు పడ్డట్టే.

బీపీలో కూడా ముందే చెప్పే అంకె ఒకటి ఉంది, దాన్ని ఎవరూ చూడరు. పై దాంట్లోంచి కింది దాన్ని తీసేయండి. 120/80 అయితే 40. మావది 110/84, అంటే 26. నాళాలు బిగుసుకుంటే కింది అంకె పైకి లేస్తుంది, రెండింటి మధ్య దూరం తగ్గుతుంది. అది నార్మల్ కాదు, అది ఒళ్ళు చేస్తున్న ఆఖరి పోరాటం. ఇంకో లెక్క కూడా ఉంది. పల్స్‌ని పై బీపీతో భాగించండి. 0.9 దాటితే భయపడాలి, ఒకటి దాటితే పరుగెత్తాలి. ఆ రోజు పల్స్ చూసి ఉంటే ఈ లెక్క చేయడానికి పది సెకన్లు చాలు. చూడలేదు.

పుస్తకాల్లో 1500 మిల్లీ లీటర్లు పోతే ప్రమాదం అని రాసుంటది. ఆ లెక్క ఎవరికో తెలుసా? 70 కిలోల మనిషికి. పెద్దవాళ్ళకి కిలోకి సుమారు 70 మిల్లీ లీటర్ల రక్తం. మన గూడెంలో 70 కిలోల మనిషిని వెతికి చూపించండి. 45 కిలోల మనిషికి ఉన్న మొత్తం రక్తం మూడు లీటర్ల చిల్లర. అందులో 30 శాతం అంటే లీటరు సీసా కూడా నిండదు. దానికి తోడు మన ఆడవాళ్ళలో రక్తహీనత, మనోళ్ళలో సికిల్ సెల్. అంటే మన దగ్గర మొదలే తక్కువ, పోవడానికి ఉన్న టైము ఇంకా తక్కువ. వేరేవాళ్ళ ఒంటి కొలతలతో మన ప్రాణాన్ని కొలిస్తే ఎట్లా?

మరి ఆ రక్తం ఎక్కడికి పోతుంది? మా మేడం ఒకరు మొదటి రోజే చెప్పారు, నేల మీద చూడు, తర్వాత ఇంకో నాలుగు చోట్ల చూడు అని. ఛాతీ, కడుపు, కటి ఎముకల గూడు, తొడ. ఈ నాలుగు చోట్లా లీటర్ల కొద్దీ రక్తం బయటికి తెలియకుండా దాక్కుంటుంది.

ఛాతీ అయితే ఒక పక్క శ్వాస శబ్దం తగ్గుతుంది, వేలితో తడితే మొద్దు శబ్దం వస్తుంది. కడుపు అయితే, ఎడమ కింది పక్కటెముకల మీద దెబ్బ ఉందంటే ప్లీహాన్ని, కుడి వైపు ఉందంటే కాలేయాన్ని అనుమానించాలి. భుజానికి దెబ్బ లేకుండా ఎడమ భుజం నొప్పి అంటే అది సాకు కాదు, కారిన రక్తం పైకి చేరి డయాఫ్రమ్‌ని రేపుతోందని అర్థం. మావ చెప్పింది అదే. వినలేదు. కడుపు మెత్తగా ఉంది గదా అని కూడా ధైర్యం తెచ్చుకోవద్దు, రక్తం నిండుతున్నా మొదట్లో కడుపు మెత్తగానే ఉండొచ్చు. బొడ్డు చుట్టూ, నడుము పక్కల నీలం మచ్చలు వస్తాయని పరీక్షలో రాస్తాం గదా, అవి గంటల తర్వాత, ఒక్కోసారి రోజు దాటాక వచ్చేవి. వాటి కోసం కాచుకుంటే శవం మీద చూస్తాం. కటి ఎముక విరిగిందని అనుమానం ఉంటే పదే పదే నొక్కి ఊపి చూడొద్దు, కట్టుకున్న గడ్డ కదులుతుంది. దుప్పటి మడిచి తుంటి ఎముకల మట్టాన బిగించి కట్టాలి, నడుము దగ్గర కాదు. తొడ ఎముక ఒక్కటి విరిగితేనే లీటరు, లీటరున్నర ఆ తొడలోనే నిలుస్తుంది. 45 కిలోల మనిషి లెక్క మళ్ళీ గుర్తు చేసుకోండి.

ఇప్పుడు అసలు మంట పుట్టించే విషయానికి వద్దాం. "తాగి ఉన్నాడు." ఈ మాట ఎన్నిసార్లు విన్నాం? మెదడుకి రక్తం చాలక మనిషి పొర్లుతుంటే తాగాడంటారు. మాట తడబడితే తాగాడంటారు. నిజంగానే తాగి ఉంటే మాత్రం ఏంటి? తాగిన మనిషికి నొప్పి సరిగా తెలియదు, కడుపు నొక్కితే చెప్పలేడు. అంటే అతన్ని ఇంకా ఎక్కువసార్లు చూడాలి గానీ బెంచీ మీద వదిలెయ్యడం ఏంటి? కల్లు వాసన వచ్చిందంటే పరీక్ష చేయక్కర్లేదని ఏ పుస్తకంలో రాసుంది?

రెండో మాట ఇంకా తియ్యగా ఉంటది. "మీ గిరిజనులు గట్టోళ్ళండీ, ఎంత నొప్పైనా తట్టుకుంటారు." పొగడ్త అనుకుని మనం కూడా నవ్వుతాం. ఆ పొగడ్తే చంపుతోంది. మనోళ్ళు అరవరు. తెల్లకోటు ముందు నోరు తెరవడానికి భయం, తెలుగు సరిగా రాదేమోనని సిగ్గు. అరిచినోడి దగ్గరికి ముందు వెళ్తారు, నోరు మూసుకున్నోడిని తర్వాత చూద్దాం అంటారు. పొర్లినవాడు ఉన్నట్టుండి నిశ్శబ్దం అయ్యాడంటే తగ్గిందని కాదు, ఓడిపోతున్నాడని. ఇంత ముఖ్యమైన విషయం మనకంటే బాగా ఎవరికి తెలియాలి?

"ల్యాబ్ చేయించాం, హిమోగ్లోబిన్ బాగానే ఉంది" అని ఇంకో సమాధానం. కుండలో మజ్జిగ సగం ఒలికిపోతే మిగతా మజ్జిగ పల్చబడుతుందా? చిక్కదనం అంతే ఉంటది, మోతాదు తగ్గుతుంది. రక్తం కూడా అంతే. ఒంట్లో నీరు వచ్చి కలిశాకో, సెలైన్ ఎక్కించాకో హిమోగ్లోబిన్ పడుతుంది. మొదటి గంటల్లో వచ్చిన అంకెతో ఇంటికి పంపొద్దు. స్కానింగ్ ఉన్నచోట కూడా ఒకసారి చూసి ఏమీ లేదంటే సరిపోదు, రక్తం కొంచెమే ఉన్నప్పుడు కనపడకపోవచ్చు, వెనక వీపు వైపు చేరింది అసలే కనపడకపోవచ్చు. అందుకే మళ్ళీ మళ్ళీ చూడాలి. చూసేది ఎవరు? డాక్టర్ వచ్చి వెళ్తారు. మంచం పక్కన ఉండేది నర్సే.

ఇక్కడ మాకు వచ్చే జవాబు తెలుసు. "పీహెచ్‌సీలో సర్జన్ లేడు, సీటీ లేదు, రక్తం లేదు. కనిపెట్టి మాత్రం ఏం చేస్తారు?" చాలా చేస్తాం. లోపలి రక్తాన్ని ఆపేది ఆపరేషన్ టేబులే, ఒప్పుకుంటాం. కానీ పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్‌కి వంద కిలోమీటర్లు పైనే, అందులో ఘాట్. పదకొండున్నరకి అనుమానపడితే పన్నెండింటికి బండి కదులుతుంది. రెండింటికి అనుమానపడితే ఏం జరిగిందో పైన రాశాం. రెండున్నర గంటలు దోచింది కొండ కాదు, అనుమానపడకపోవడం.

బండి వచ్చేలోపు చేసే పనులు కూడా ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టాలి. రెండు పెద్ద క్యాన్యులాలు వేయాలి, నాళాలు ముడుచుకున్నాక వేయాలంటే దొరకవు. తడి బట్టలు తీసి దుప్పటి కప్పాలి. లంబసింగి చలి గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఒళ్ళు చల్లబడితే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. చలిలో గోరు నొక్కి చూసే పరీక్ష కూడా మోసం చేస్తుంది, రొమ్ము ఎముక మీద నొక్కి చూడాలి, రంగు తిరిగి రావడానికి రెండు సెకన్లు దాటితే లెక్కలోకి తీసుకోవాలి. బీపీ అంకె పెంచాలని సెలైన్ సీసాలు దించెయ్యకూడదు, మిగిలిన రక్తం పల్చబడి, కట్టుకున్న గడ్డ కొట్టుకుపోతుంది. ఎంత ఎక్కించాలో డాక్టర్ని అడగాలి.

ఇంకోటి, ట్రానెక్సామిక్ యాసిడ్. కాన్పు తర్వాత రక్తస్రావానికి వాడే మందే. 2010లో వచ్చిన క్రాష్-2 పరిశోధన 40 దేశాల్లో ఇరవై వేల మందికి పైగా దెబ్బలు తగిలిన మనుషుల మీద జరిగింది. దెబ్బ తగిలిన 3 గంటల లోపు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని, 3 గంటలు దాటాక ఇస్తే మేలు కాదు, కీడు జరగొచ్చని తేలింది. డాక్టర్ ఆర్డర్‌తో ఒక గ్రాము పది నిమిషాల్లో ఎక్కించే మందు ఇది. మావ తొమ్మిదింటికి పడ్డాడు, పదకొండున్నరకి వచ్చాడు. అరగంట ఉంది ఆ మందుకి. ఆ అరగంట బెంచీ మీద పోయింది. ఇచ్చి ఉంటే కచ్చితంగా బతికేవాడని మేం అనడం లేదు. ఆ అవకాశం కూడా మనోడికి ఇవ్వలేదని అంటున్నాం.

"రోగం పేరు చెప్పే హక్కు నర్సుకి లేదు" అని కొందరు సార్లు అంటారు. రోగం పేరు మేం చెప్పం సార్. పల్స్ 124, శ్వాస 28, చేతులు చల్లగా ఉన్నాయి, అరగంటలో పల్స్ 20 పెరిగింది, లోపల రక్తం పోతోందేమోనని అనుమానం, మీరు ఇప్పుడే రావాలి, అని చెప్తాం. దీన్ని డయాగ్నోసిస్ అనరు, డ్యూటీ అంటారు. అది చెప్పిన నర్సుని "నువ్వేమైనా డాక్టరువా" అని అందరి ముందు అంటే, రెండోసారి ఆమె చెప్పదు. ఆ మౌనానికి ఖరీదు కట్టేది మన ఊరు.

భాష సంగతి కూడా మాట్లాడాలి. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీఓ 3 కొట్టేసినప్పుడు మనం టీచర్ల గురించి గొంతు చించుకున్నాం, సరైందే. బడిలో పిల్లాడికి అర్థం కాకపోతే పాఠం పోతుంది. ఎమర్జెన్సీ బల్ల మీద అర్థం కాకపోతే మనిషే పోతాడు. కువిలో, కోయలో, ఆదివాసీ ఒడియాలో "భుజం లాగుతోందా, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా, ఎంత ఎత్తు నుంచి పడ్డావు, ఎన్నింటికి" అని అడగగలిగే మనిషి ఆ గదిలో ఉండాలి. ఇది దయ కాదు, పరీక్షలో భాగం.

ఇక మన వైపు. నిజం మాట్లాడుకుందాం. చెట్టు మీంచి పడ్డవాడికి ధైర్యం వస్తుందని కల్లో సారానో పోయడం మానాలి. కడుపు మీద, నడుము మీద నూనె పెట్టి తోమడం మానాలి. పడ్డ టైము ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోవాలి, డోలీ మోసేవాళ్ళు ఆ టైము ఆసుపత్రిలో చెప్పాలి. "నొప్పి తగ్గిందిలే" అని ఇంజెక్షన్ వేయించుకుని సంతకి వెళ్ళిపోవడం కూడా మానాలి. పిల్లల్లో బీపీ ఇంకా ఆలస్యంగా పడుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళలో రక్తం ఎక్కువ ఉండడం వల్ల తల్లి బాగున్నట్టే కనపడుతుంది, లోపల బిడ్డకి అందదు. నెలలు నిండుతున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు, ఎడమ పక్కకి వాల్చాలి. ముసలివాళ్ళలో, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళలో పల్స్ పెరగకపోవచ్చు. వీళ్ళ విషయంలో "చూద్దాంలే" అనే మాటే వద్దు.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి. ఐటీడీఏకి ఇచ్చే వినతిపత్రంలో కూడా ఇవే పెట్టాలి.

1. పడినా, బండి గుద్దినా, ఎద్దు పొడిచినా, ఎలుగు కొట్టినా, వచ్చిన ప్రతి మనిషికి పల్స్, శ్వాస, బీపీ, చర్మం, స్పృహ, నొప్పి చోటు, ఈ ఆరూ టైముతో సహా రాయాలి. ప్రతి 15 నిమిషాలకి మళ్ళీ రాయాలి. ఆ కాగితం మనిషితో పాటే పై ఆసుపత్రికి వెళ్ళాలి.

2. పల్స్ వంద దాటి, చర్మం చల్లబడితే, బీపీ ఎంతున్నా సరే, నర్సు నేరుగా డాక్టర్‌కి ఫోన్ చేసి, 108 పిలిచే అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలి.

3. ట్రానెక్సామిక్ యాసిడ్ ప్రతి పీహెచ్‌సీలో ఉండాలి. ఏరియా ఆసుపత్రుల్లో రక్తం నిల్వ గది బోర్డుకే కాకుండా రాత్రిపూట కూడా పనిచేయాలి.

4. దెబ్బలు తగిలినవాళ్ళని అడగాల్సిన ప్రశ్నలు మన భాషల్లో రాసి గోడకి అంటించాలి. మన భాష వచ్చిన నర్సుల్ని మన ఏజెన్సీలోనే ఉంచాలి.

5. ఆశాలకి, బైక్ అంబులెన్సు నడిపే తమ్ముళ్ళకి పల్స్ లెక్కపెట్టడం, దుప్పటితో కటి కట్టడం నేర్పాలి.

వీటిలో మొదటిదానికి జీఓ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. గడియారం, పెన్ను, మూడు వేళ్ళు చాలు. కాబట్టి అది రేపటి నుంచి మనమే మొదలుపెడదాం. చదువుకుంటున్న వాళ్ళం పోస్టింగ్‌కి వెళ్ళినప్పుడు, ఎవరూ చెప్పకపోయినా, బెంచీ మీద కూర్చోబెట్టిన మనోడి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుందాం. చల్లగా ఉందా చూద్దాం. నిమిషం పాటు లెక్కపెడదాం. రాద్దాం. పావుగంట తర్వాత మళ్ళీ వెళ్దాం. తిడితే తిట్టనివ్వండి.

మావ చీటీ మేం పారెయ్యలేదు. మాలో ఒకరు దాన్ని పుస్తకంలో షాక్ చాప్టర్ దగ్గర పెట్టుకున్నారు. దాని మీద ఖాళీగా ఉన్న చోట్లు మనం నింపాల్సినవి.

మీ ఊళ్ళో ఇలా జరిగి ఉంటే రాయండి, ఆసుపత్రి పేరు, మనుషుల పేర్లు వద్దు, టైములు రాయండి. అవే మన సాక్ష్యం.

జోహార్.

మేం, ఏజెన్సీ నర్సింగ్ విద్యార్థులం